వేల్స్ మేస్త్రి వేసిన ముగ్గు

కిల్‌బ్రానన్‌లో చాముండేశ్వరి గురించి అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు, అన్నీ కోతలే. చర్చి తాళంచెవి ఎత్తుకుని ఇండియా పారిపోయిందని పబ్బులో ఒకాయన ఒట్టేసి చెబుతాడు. ఆమె వెళ్లింది డబ్లిన్ పక్కన లూకన్ దాకానే, అదీ బస్సులో. చర్చి గోడకు ఒంటిచేత్తో కన్నం పెట్టిందని పెట్రోలు బంకు దగ్గర చెప్పుకుంటారు. కన్నం ఆమె పుట్టకముందు ఎనిమిది వందల ఏళ్ల నుంచీ ఉంది. దాన్ని పూడ్చనివ్వలేదు, అంతవరకే ఆమె నేరం. అసలు జరిగింది ఈ కోతలకంటే ఒక మెట్టు పైనే ఉంటుంది కనుక జరిగిందే చెప్పుకుందాం. నడుమ ఎక్కడైనా ఉప్పూకారం కాస్త ఎక్కువ తగిలితే అది ఆ ఊరి గాలి గుణం.

కిల్‌బ్రానన్ అంటే ఐర్లండు నడిమధ్య అత్లోన్ పట్నం నుంచి అరగంట బస్సు. ఒక రోడ్డు, రెండు పబ్బులు, మూసేసిన పోస్టాఫీసు, రోడ్డు చివర చిన్న దిబ్బ మీద ఒక పాత చర్చి. అక్కడ వాన పైనుంచి కిందికి పడదు, పక్క ఊరి నుంచి అడ్డంగా వస్తుంది. గొడుగు తెరిస్తే ముందు గొడుగు గాల్లోకి లేస్తుంది, పట్టు వదలకపోతే వెనకాలే మనిషి. ఇళ్ల వ్యాపారం పొంగిన బూమ్ రోజుల్లో ఊరి పక్కన అరవై ఇళ్లు కడతామని రంగుల బోర్డు పెట్టారు. ఇరవై లేచాయి, ఏడెనిమిదింట దీపాలు వెలిగాయి, అంతలో మాంద్యం వచ్చి బిల్డరు ఫోను ఎత్తడం మానేశాడు. మిగతావి కప్పులు లేకుండా, ఇనపచువ్వలు ఆకాశంలోకి చాచుకుని అలా నిలబడిపోయాయి. ఆ వెలిగే ఇళ్లలో ఒకటి చాముండేశ్వరిది.

ఆమెది నంద్యాల. ఇంటర్ మొదటి ఏడు లెక్కల పరీక్షలో ప్రశ్నపత్రం చదివి, బాగాలేదని తిరిగి ఇచ్చేసి, హాల్లోంచి నడిచి వచ్చేసిన మనిషి. నాకు రాక కాదు, వాళ్లకు అడగడం రాక అని ఈనాటికీ అంటుంది. అలాంటి మనిషికి కెమిస్ట్రీలో డాక్టరేటు చేసిన విజయేంద్ర మొగుడయ్యాడు. మందుల కంపెనీలో కొలిచే పరికరాలు నిజం చెబుతున్నాయా లేదా అని పరీక్షించడం ఆయన ఉద్యోగం. 2010లో కంపెనీ సగం మందిని ఇంటికి పంపినప్పుడు ఆయన్నీ పంపేసింది. ఆ తరవాత ఆయన పడకగది కర్టెన్లు మూసుకుని, లాప్‌టాప్ వెలుగులో ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతూ కూర్చున్నాడు. ఆమె కర్టెన్లు తీసేది, వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి మళ్లీ మూసి ఉండేవి.

"కాస్త వెలుతురు రానీండబ్బా" అని ఆమె అంటే, "బయట చువ్వలు తప్ప ఏముంది చూడ్డానికి" అనేవాడు ఆయన.

అలాంటి ఒక రోజున ఇంట్లోంచి బయటపడి, వాన తరిమితే చర్చిలోకి దూరింది. లోపల మేరీ ఒక్కతే నేల ఊడుస్తోంది. ఎనభై దాటిన మనిషి, తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో చీపురు. చాముండేశ్వరి ఏమీ అడగకుండా చీపురు లాక్కుని ఊడ్చేసింది. నెల తిరిగేసరికి జానెడు పొడుగు ఇనప తాళంచెవి ఆమె బ్యాగులోకి వచ్చింది. హిందూ మనిషి మన చర్చి తెరిచి మూయడమేమిటని ఎవరో అన్నారట. ఆదివారం ప్రార్థనకు కుక్కతో కలిపి తొమ్మిది మంది వచ్చే చోట ఎవరు తెరిస్తే ఏం, తెరవడానికి మనిషి దొరికింది గ్రాండ్ అంది మేరీ. మేరీకి అన్నీ గ్రాండే. కప్పు కారినా గ్రాండ్, కాలు విరిగినా గ్రాండ్.

ఆ చర్చి పొడుగాటి ఒకే గది. గోడలు అడుగున ఎడ్లబండి పట్టేంత లావు, పైకి పోయేకొద్దీ సన్నం. పడమర గోడకు కోసుగా ఉన్న రాతి ద్వారం, దాని నెత్తిన ఒంటి గంట వేలాడే రాతి గూడు. ఉత్తరాన, దక్షిణాన బాణాలు వేయడానికి తప్ప ఎందుకూ పనికిరానంత ఇరుకు కిటికీలు. దక్షిణపు గోడలో చిన్న గూడు చూసి దీపం పెట్టుకునేదనుకుని చాముండేశ్వరి అందులో దీపం పెట్టింది కూడా. అది పూర్వం పూజారి పాత్ర కడిగి నీళ్లు పారబోసే తొట్టి అని మేరీ చెప్పేదాకా తెలియలేదు. సరే, మీ పూర్వులకు దీపం పెట్టుకునే తెలివి లేకపోయింది అని సర్ది చెప్పుకుంది. ఇక తూర్పున, పూజవేదిక వెనక, ఒక్కటే పెద్ద కిటికీ. చర్చికంతటికీ వచ్చే వెలుతురు అందులోంచే. పొద్దున తలుపు తీయగానే ఎదురుగా ఆ వెలుతురు ముఖాన తగిలేది. అందుకోసమే ఆమె రోజూ వెళ్లేది. పైకి మాత్రం దుమ్ము దులపడానికని చెప్పేది.

ఆ కట్టడానికి మేరీ చెప్పే చరిత్ర ఒకటుంది. ఎనిమిది వందల ఏళ్ల కింద వేల్స్ నుంచి ఓడల్లో దొరలు దిగినప్పుడు వాళ్ల వెంట గ్విలిమ్ అనే మేస్త్రి వచ్చాడట. వేల్స్‌లో తన సొంత ఊళ్లో వాడు ఎంత అందమైన చర్చి కట్టాడంటే, ఇంతకంటే మంచిది ఇంకోచోట కడితే చేతులు నరికిస్తానని అక్కడి బిషప్పు బెదిరించాడట. గ్విలిమ్ తెలివిగా సముద్రం దాటొచ్చి, సరిగ్గా అలాంటిదే ఇక్కడ కట్టాడు, దానికంటే మంచిది కాకుండా కొలతకు కొలత. ఉలి పళ్ల మధ్య పెట్టుకుని ఈదుకుంటూ వచ్చాడని కూడా ఒక పాఠం ఉంది, అది మేరీ రెండో గ్లాసు తరవాత చెబుతుంది. వేల్స్‌లో ఆ చర్చి చూశారా అని చాముండేశ్వరి అడిగితే, ఓడెక్కితే తనకు వాంతులని మేరీ అంది.

ఆ చలికాలం దేశమంతా మంచుతో గడ్డకట్టింది. అది కరిగాక వచ్చిన గాలివానకు తూర్పు కిటికీ లోపలికి కూలిపోయింది. కూలింది మొదటి కిటికీ కాదు. పాత రాతి అల్లికను రెండొందల ఏళ్ల కింద ఎవరో పీకేసి పెట్టిన చెక్క చట్రం అది. ప్లైవుడ్ కొట్టి అప్పటికి ఆపారు. చర్చిలో పగలే చీకటి పడింది. కమిటీ కూర్చుంది. కమిటీ అంటే మేరీ, ముగ్గురు రైతులు, ఐదు చర్చిలకు ఒక్కడే పాదిరి అయిన రెక్టరుగారు. కిటికీని సిమెంటు బ్లాకులతో పూడ్చేద్దామని తేల్చారు. బ్లాకులు ఊరికే వస్తాయి, ఆగిపోయిన ఇళ్ల దగ్గర గుట్టలుగా పడి ఉన్నాయి. ఆ ఇళ్లకు గోడలు కట్టిన డెక్లన్‌ను బిల్డరు ముంచేశాడు, మిగిలిన బ్లాకులే అతని ఆస్తి. చేతిలో పని లేదు కనక కట్టిపెడతానన్నాడు. పాత కట్టడానికి చెయ్యి పెడితే కౌన్సిలు అనుమతి కావాలి గానీ, ఇది తాత్కాలికమే గదా అన్నారు రెక్టరుగారు. కిల్‌బ్రానన్‌లో తాత్కాలికం అంటే మనవళ్ల పెళ్లిళ్ల దాకా అని అర్థం.

పిలవని ఆ మీటింగుకు చాముండేశ్వరి వెళ్లింది, తూర్పు మూయకూడదని చెప్పింది. ఎందుకని అడిగితే వాస్తు మొదలుపెట్టింది. ఈశాన్యం బరువు, తూర్పు ద్వారం, మూసిన ఇంట మగవాడు మంచం పడతాడు, నంద్యాలలో సగం ఇళ్లు మా నాయన సలహా మీదే లేచాయి అని. ఆ సగం ఇళ్లలో వాళ్ల సొంతిల్లు లేదన్న సంగతి చెప్పలేదు. రైతులు టీ కప్పుల్లోకి నవ్వుకున్నారు. రెక్టరుగారు మంచి మనిషి, అది మీ పద్ధతి అని మెత్తగా అన్నాడు.

ఆమె ఒప్పుకోలేదు. బయట సమాధుల్లో అందరినీ కాళ్లు తూర్పుకు పెట్టి ఎందుకు పడుకోబెట్టారని మేరీని అడిగింది. కడపటి రోజున లేచినప్పుడు పొద్దుకు ఎదురుగా లేవాలని, అంది మేరీ.

"అంతమందీ లేచి చూసేసరికి మీరు తూర్పు మూసేసి ఉంటే వాళ్లకేం చెప్తారు?"

నవ్వులు ఆగాయి. రెక్టరుగారు కప్పు కింద పెట్టాడు. కానీ మేరీ మెడ తడుముకుని, ఆ కిటికీ గాలి ముప్పై ఏళ్లుగా సరిగ్గా తన మెడ మీదే కొడుతోందని, చచ్చినవాళ్ల సంగతి తరవాత, బతికున్న తన మెడ సంగతి ముందు చూడమని చెప్పింది. ఓటుకు చేతులెత్తారు. బ్లాకులే గెలిచాయి.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చాముండేశ్వరి కూర తరుగుతూ, గోడతో మాట్లాడినట్టు మొగుడితో చెప్పింది.

"ఇంట్లో ఒక కిటికీ మూసుకుండాది. దాన్ని నేనేం చేయలేకపోతి. ఆ చర్చిది మాత్రం మూయనీయను."

విజయేంద్ర లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. తలుపు మాత్రం కొంచెం తెరిచే ఉంచాడు.

సోమవారం పొద్దున డెక్లన్ ట్రాక్టరు ట్రాలీ నిండా బ్లాకులు వేసుకుని చర్చికి వచ్చేసరికి తాళం వేసి ఉంది. తాళంచెవి డబ్లిన్ బస్సులో ప్రయాణం చేస్తోంది, ఇడ్లీపొడి డబ్బాకూ పట్టుచీరకూ మధ్య. లూకన్‌లో నంద్యాల స్నేహితురాలు జ్ఞానేశ్వరి ఇంటికి, ఆమె కూతురి పుట్టినరోజుకని పేరు. పుట్టినరోజు అంతకు ముందు నెలే అయిపోయింది. మేరీ ఫోన్ చేస్తే, రైల్లో ఉన్నా సిగ్నల్ లేదని, జ్ఞానేశ్వరి వంటింట్లో పప్పు తాలింపు చిటపటలాడుతుండగా చెప్పింది. రైల్లో ఏమిటా చప్పుడు అంటే పట్టాలంది. రెండో తాళంచెవి మేరీ వాళ్ల నాన్న హయాంలో బావిలో పడింది. తలుపు బద్దలుకొట్టడానికి చర్చి మనుషులకు చేతులు రాలేదు. ట్రాలీని పాల కేంద్రం వాళ్లకు తిరిగి ఇచ్చేయాలి కనక డెక్లన్ బ్లాకులన్నీ గోడ పక్కన దింపేసి పోయాడు.

ఆమె శనివారం దిగి, నేరుగా రెక్టరుగారి దగ్గరికి వెళ్లింది. ఈస్టరు దాకా గడువిస్తే బ్లాకులు లేకుండా కిటికీ నిలబెట్టే దారి చూపిస్తాను, లేకపోతే తాళంచెవి మీ చేతుల్లో పెట్టి, బ్లాకులు నేనే అందిస్తానంది. ఆయన నవ్వి సరే అన్నాడు. ఆ దారి ఏమిటో ఆమెకు ఇసుమంత కూడా తెలియదు. తెలియనప్పుడే ఆమె గొంతు ఎక్కువ గట్టిగా పలుకుతుంది.

దారి తెలియనప్పుడు నంద్యాల ఆడమనిషి ఏం చేస్తుంది? గడప కడుగుతుంది. చర్చి గడప మీద కొబ్బరిపీచు పట్ట మేకులు కొట్టి పరిచి ఉంది, ఏ కాలందో. అందరూ దాన్ని తొక్కుకుంటూ పోయేవాళ్లు. ఆమె మాత్రం మొదటి రోజు నుంచీ దాటే వెళ్లేది. చాముండేశ్వరి గెంతు అని ఊళ్లో దానికి పేరు కూడా పెట్టారు. ఆ తరవాతి శుక్రవారం పట్ట మేకులు పీకేసింది. కింద పెద్ద సున్నపురాయి పలక. నీళ్లు పోసి రుద్ది, ఆరాక పసుపు తడిపి ఒత్తుగా పూసింది. కుంకుమ బొట్లు కూడా పెట్టేదే, అంతలో మేరీ కర్ర చప్పుడు వినిపించింది.

మేరీ కర్ర మొనతో గడపను పొడిచి చూసింది. కూర ఎవరు ఒలకబోశారని అడిగింది. ఇది దేవుడికి చేసే మర్యాద అని చాముండేశ్వరి చెబితే, మా దేవుడికి పసుపు మర్యాద అక్కర్లేదు, ఆదివారంలోపు కడిగేయమంది. ఇద్దరికీ మాటామాటా పెరిగింది. చివరికి మేరీ బెంచీ మీద కూర్చుని కర్ర చూపిస్తుంటే చాముండేశ్వరి మూతి ముడుచుకుని బ్రష్‌తో గడప తోమింది.

పైనున్న పసుపు పోయింది. లోపలికి దిగింది పోలేదు. తెల్లటి రాతి మీద సన్నటి పచ్చగీతలు మిగిలాయి. ఒక వంపు, దాని పక్కన ఇంకో వంపు, రెంటి మీదా రేకుల్లాంటి చాపాలు, ఒక్కో చాపానికీ నడిమధ్య సూది గుచ్చినంత చుక్క. రాయి ఎడమ సగంలోనే ఉన్నాయవి. కుడి సగం నున్నగా అరిగిపోయింది. తలుపుకు రెండు రెక్కలు. ఎడమ రెక్కకు ఎప్పుడూ గడియే, మనుషులందరూ తరతరాలుగా కుడి రెక్కలోంచే నడిచారు.

చాముండేశ్వరి బ్రష్ పక్కన పెట్టి గొంతుక్కూర్చుంది.

"మేరీ, ఇది ముగ్గు. చుక్కల ముగ్గు. ఇదిగో చుక్కలు, ఇదిగో పువ్వు."

ఇక ఆ నోటికి పట్టపగ్గాలు లేవు. సాయంత్రానికల్లా పెట్రోలు బంకులో, మర్నాడు మాంసం కొట్లో, ఎనిమిది వందల ఏళ్ల కింద తమ వాళ్లు ఇక్కడికి వచ్చారని, ఈ గడపే సాక్ష్యమని చాటింపు వేసింది. మేరీ ఒప్పుకోలేదు, ఈ చర్చి కట్టింది వేల్స్ గ్విలిమ్, నీ వాళ్లు కాదు అంది. చాముండేశ్వరి తగ్గలేదు.

"మేస్త్రి వేల్స్ వాడే. పెళ్లాం మా ఊరిది."

ఈ మాట ఊరంతా పాకింది. ఉద్యోగాలు పోయి, ఇళ్లు ఆగిపోయి, నవ్వడానికి ఏమీ దొరకని ఊరికి అది దొరికింది. గ్విలిమ్ భార్యను చూద్దామని పబ్బులోంచి గుంపులుగా జనం చర్చికి వచ్చారు. ఇరవై ఏళ్లుగా అటు తొంగిచూడనివాళ్లు కూడా. అందరికీ ఆమె ముగ్గు చూపించి, ప్రతిసారీ గ్విలిమ్ భార్యకు ఒక కొత్త నగ తగిలించింది. నాలుగో రోజుకు ఆవిడ ఒంటి మీద వడ్డాణం కూడా చేరింది.

డెక్లన్ కూడా వచ్చాడు, ఎగతాళి చేయడానికే. గీతల మీద వేలు పెట్టి జరిపాడు, చుక్క దగ్గర ఆగాడు. తరవాత మోకాళ్ల మీద కూర్చున్నాడు. గోడలు కట్టేవాడు గనక, రాతి పని చేసిన మనిషి మనసు ఎటు పోతుందో పట్టుకోగలిగాడు. ఇది ముగ్గు కాదు అన్నాడు. కంపాసు ములుకు గుచ్చిన చోటు ఆ చుక్క. రాళ్లు చెక్కబోయే ముందు మేస్త్రులు అసలు సైజులో గీసుకునే బొమ్మ ఇది. పని అయ్యాక రాయి వృథా ఎందుకని గడపగా వేసేశారు.

"ఏం బొమ్మ?" అంది ఆమె.

డెక్లన్ లేచి, ప్లైవుడ్ కొట్టిన తూర్పు వైపు చేయి చూపించాడు. కోసు తల ఉన్న రెండు సన్నటి కిటికీలు పక్కపక్కన, మధ్యన నిలువు కంబం, వాటి నెత్తిన నాలుగు రేకుల పువ్వు. రెండొందల ఏళ్ల కింద పీకేసిన రాతి అల్లిక అది. సగమే ఉంది, మిగతా సగం జనం తొక్కేశారు.

సగం చాలు అని చాముండేశ్వరి అంటుండగానే ఆమెకు దారి కనిపించింది. ముగ్గులో ఎడమ ఎంతో కుడి అంతే గదా. గడప మీద కాగితం పరిచి, పెన్సిలు రుద్ది గీతలు ఎక్కించుకుని, ఇంటికి పరుగు తీసి పడకగది తలుపు తోసింది. ఆ కాగితం లాప్‌టాప్ మీద పరిచింది, సరిగ్గా ఆయన ముఖానికి అడ్డంగా.

"ఈ సగానికి అవతలి సగం గీసియ్యండి. వెంట్రుకవాసి తేడా రాగూడదు. నేను గీస్తే పువ్వు అందంగా వస్తాది గానీ రాళ్లు పట్టవు."

విజయేంద్ర కాగితాన్ని వెలుగు వైపు తిప్పాడు. చాపం వ్యాసార్థం కొలిచావా అన్నాడు. నేనెందుకు కొలుస్తా, లెక్కల పేపరు తిరిగిచ్చేసి వచ్చినదాన్ని అంది. ఆయన చొక్కా మార్చుకుని, కొలతల టేపు తీసుకుని, వానలోనే బయల్దేరాడు.

గీత దొరికింది గానీ రాళ్లేవి? పీకేసినవాళ్లు వాటిని ఎక్కడో పారేసి ఉండాలి. సమాధుల పక్క ముళ్లపొదల్లో కొన్ని దొరికాయి, ఒక రైతు గేటుకు ఆనించి ఒకటి, గొర్రెల తొట్టి కింద ఎత్తుకు రెండు. మిగతావన్నీ మేరీ పెరట్లోనే ఉన్నాయి. వాళ్ల తాత పూలమొక్కల మధ్య రాళ్లగుట్ట పేర్చుకోవడానికి పట్టుకుపోయాడట. రాతి వంపుల్లో మేరీ నాటిన మొక్కలు పూస్తున్నాయి. తన చర్చి కిటికీ తన పెరట్లోనే ఉన్నందుకు మేరీ మొదట సిగ్గుపడింది, తరవాత తన మొక్కలు పోతాయని కోపం తెచ్చుకుంది, చివరికి డెక్లన్ చేతికి తనే గడ్డపార ఇచ్చింది.

చర్చి నేల మీద చాముండేశ్వరి సుద్దతో మొత్తం కిటికీ వేసింది, విజయేంద్ర దారం పట్టుకుని ప్రతి చాపం సరిచూశాడు. అక్కడ మాత్రం ఆయనే మేస్త్రి, ఆమె కూలి. ఇంచు జరిగితే చెరిపించాడు. ఆమె జీవితంలో ఎవరి మాటకూ అన్నిసార్లు చెరపలేదు. గీతల మీద రాళ్లు ఒక్కొక్కటి పేర్చారు. డెక్లన్ మోస్తాడు, విజయేంద్ర తిప్పి చూస్తాడు, గీతల్లో ఇమడని రాయిని చాముండేశ్వరి నంద్యాల భాషలో తిడుతుంది. ఒక్కటి తప్ప అన్నీ కూర్చున్నాయి. పువ్వు నెత్తిన, పై రేకును మూసే రాయి లేదు.

అది ఎక్కడుందో మేరీకి తెలుసు. పెరట్లో ఆపిలు చెట్టు కింద, పోయిన ఏడు చనిపోయిన తన కుక్క సమాధి మీద. అది మాత్రం ఇవ్వనంది.

డెక్లన్ నచ్చజెప్పాడు, రెక్టరుగారు కూడా వెళ్లి టీ తాగి వచ్చాడు. మేరీ కదల్లేదు. ఈస్టరుకు వారమే ఉంది. అడిగి చూడమని అందరూ చాముండేశ్వరిని తోశారు, ఆ తోయడంలో తప్పులేదు, నోరున్న మనిషి ఆమే. ఆమె మేరీ పెరట్లోకి వెళ్లింది. ఆ రాయి ముందు ఒక చిన్న గిన్నె నిండా నీళ్లు, రోజూ మారుస్తున్న నీళ్లు, తళతళమంటున్నాయి. ఆమె ఆ గిన్నె చూసి, ఏమీ అడక్కుండా వెనక్కి వచ్చేసింది.

"ఏమంది?" అన్నాడు డెక్లన్.

"నేను అడగలే. అది దాని చోట్లోనే ఉండాది. ఇంకో రాయి చెయ్యి."

నేను రాతి పనివాణ్ని కాను, బ్లాకులు పేర్చేవాణ్ని అన్నాడు డెక్లన్. రాతి పనివాడు ఎలా అయ్యాడనుకుంటున్నావు, ఒకరోజు మొదలుపెట్టి అంది ఆమె. గ్విలిమ్‌కు కూడా నంద్యాల ఆడమనిషే ధైర్యం చెప్పిందని మళ్లీ ఎత్తుకోబోతే, అతను చేతులెత్తి దండం పెట్టి లేచిపోయాడు. ఆగిపోయిన ఇళ్లలో ముందుది నమూనా ఇల్లు. దాని కిటికీలకని తెప్పించిన ఖరీదైన సున్నపురాళ్లు పెట్టెల్లోనే ఉన్నాయి, అవీ అతనికి బాకీ కిందే మిగిలాయి. వాటిలో ఒకటి తీసుకున్నాడు. మొదటిది పగిలింది. రెండోదీ పగిలింది. మూడోది నిలిచింది. పాత రాళ్ల మధ్య అది తెల్లగా, కట్టుడుపన్నులా కనబడింది. కమిటీ వాళ్లు నేల చుట్టూ నిలబడి చూశారు. ఇది కొత్తదని తెలిసిపోతోందే అన్నాడు ఒక రైతు. తెలియనీ, కొత్తది కొత్తదే అంది చాముండేశ్వరి.

రాతి కిటికీకి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. రైతులు ఎత్తారు, రెక్టరుగారు ఎత్తాడు. మేరీ ఎత్తలేదు. తన మెడ సంగతి ఎవరూ తేల్చలేదంది. కానీ వద్దని కూడా ఎత్తలేదు. బ్లాకులు మళ్లీ ట్రాలీ ఎక్కాయి.

కౌన్సిలు అనుమతి వేసవి దాటాక వచ్చింది. వాళ్లు పంపిన రాతి మేస్త్రి దగ్గరుండి చూపిస్తే, డెక్లన్ సున్నం కలిపి రాళ్లు ఎక్కించాడు, విజయేంద్ర పరంజా మీద రసమట్టం పట్టుకుని నిలబడ్డాడు. సున్నంలో బెల్లం, కరక్కాయ కలిపితే వెయ్యేళ్లు ఉంటుందని చాముండేశ్వరి పోరింది, వాళ్లు వినలేదు. అందరూ టీకి వెళ్లినప్పుడు ఆమె ఒక బెల్లం ముక్క అందులో వేసేసిందని లూకన్‌లో చెప్పుకుంటారు. ఈ సంగతి కౌన్సిలుకు తెలియదు.

రాళ్లు నిలిచాయి. గాజు అత్లోన్ నుంచి రావడానికి ఇంకా నెల పడుతుందన్నారు. అప్పటిదాకా ప్లైవుడ్ మళ్లీ కొట్టేద్దామని, తాత్కాలికంగా, రెక్టరుగారు అన్నాడు. ఆ మాట వినగానే ఆమె ప్లైవుడ్ పలకను తీసుకెళ్లి రోడ్డు మీద పడుకోబెట్టి దాని మీద నిలబడింది.

ఆదివారం ప్రార్థన ఖాళీ కిటికీ కిందే జరిగింది. గాలి నేరుగా లోపలికి వచ్చింది. రెక్టరుగారి ప్రసంగం కాగితాలు రెండు ఎగిరి గంట తాడుకు చుట్టుకున్నాయి, మిగిలిన ఒక్క కాగితంతోనే ఆయన ముగించాడు. జనం అంత సంతోషంగా ఎప్పుడూ లేరు. గాజు నెమ్మదిగా రానివ్వండని ఒక రైతు బాహాటంగానే చెప్పాడు. మేరీ తన బెంచీ మార్చలేదు, తాతల నాటి చోటట. చాముండేశ్వరి తన బ్యాగులోంచి విజయేంద్ర మంకీ టోపీ తీసి, అడక్కుండా ఆమె నెత్తికి తొడిగి, గడ్డం కింద సరిచేసింది. అందులోంచి మేరీ కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, అవి కోపంగానే ఉన్నాయి, కానీ టోపీ తీయలేదు.

ప్రార్థన అయ్యాక రెక్టరుగారు తలుపు దగ్గర అందరితో చేతులు కలిపాడు. చాముండేశ్వరి వంతు వచ్చినప్పుడు, ఈ గాలికి తట్టుకోగలరా అని అడిగాడు.

"తట్టుకోవడం మీ పని" అంది ఆమె. "మూయనియ్యకపోవడం నా పని."

విజయేంద్ర ఇంకా లోపలే ఉన్నాడు. కిటికీ కింద నిలబడి, మెడ ఎత్తి, కొత్త రాయి మట్టం సరిగ్గా ఉందో లేదోనని ఒంటికన్ను మూసి చూస్తున్నాడు.